చెయ్యి విదిలిస్తే ఒకటి

బహుళ తదియ

ఈ రోజు పొరపాటు బల్ల దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకాయన నిద్రలో చెయ్యి జారి తన మామగారి సంతాప సందేశానికి ఒకటి వేశాడు. ఇంకొకావిడ ఈగను తోలబోయి చెల్లెలి పాటకి ఒకటి వేసింది. తప్పు ఉంగరానిదే అని ఇద్దరూ అన్నారు. రెండు మార్కులూ తీయించి పంపాను. కన్ఫెషన్ గదిలో జనం తమ తప్పు తామే ఒప్పుకుంటారని మఠం బడిలో సిస్టర్లు చెప్పేవారు. నా బల్ల దగ్గర అలాంటిది ఇంకా చూడలేదు.

సముద్రం మీద తేలే ఊరు మా ఏడో తెప్ప. ఇక్కడ ఎవరేం చెప్పాలన్నా గోడ మీదే రాస్తారు. చదివినవాళ్లు బొటనవేలి ఉంగరంతో మార్కు వేస్తారు. నచ్చితే ఉంగరాన్ని చూపుడువేలితో తట్టాలి, ఐదు దాకా. నచ్చకపోతే అంత శ్రమ అక్కర్లేదు. చెయ్యి ఒక్కసారి కిందికి విదిలిస్తే ఒకటి పడుతుంది. ఎవరు వేశారో గోడ చెప్పదు. నాకు మాత్రం తెలుస్తుంది. బయటపెట్టనని ప్రమాణం చేసి ఈ బల్ల దగ్గర కూర్చున్నాను.

మధ్యాహ్నం దాలమ్మ వచ్చింది. మెస్సులో అందరికీ వండేది ఆమె. గోళ్లలో ఇంకా పసుపు ఉంది.

“జెసిమ్మా, నిన్నా ఒకట్లేనా?”

“అవునండీ.”

“కానాగంత సేపల పులుసు. మా ఉప్పాడోళ్లు ఎలా వొండుతారో అలాగే వొండేను. గిన్నె గీకి మరీ ఏసుకున్నారు. తిన్న నోటితోనే ఒకటి ఏసేరా?”

“ఎవరో చెప్పకూడదండీ.”

“పేర్లు సెప్పమన్నానేటి? ఏటి బాగోలేదో సెప్పమన్నాను.”

ఆమె ఉబ్బసంతో ఈల వేస్తున్న గొంతు సవరించుకుని వెళ్లిపోయింది.

పోయిన పున్నమికే ఆమె సగటు రెండుకి కిందికి దిగింది. వచ్చే పున్నమికి కూడా అలాగే ఉంటే వంట తీసేసి అడుగు గదికి పంపుతారు. అక్కడ పని మోకాలి లోతు నీళ్లలో వంగి, తెప్ప అడుగున పట్టిన నాచూ నత్తలూ గోకడం. ఉబ్బసం ఉన్న మనిషి అక్కడ ఎన్నాళ్లు ఉంటుందో మార్కులు చూసే గోడ కమిటీ ఎవరినీ అడగదు.

బహుళ షష్ఠి

మెస్సులో నాకు అన్నిటికన్నా రోత చేతులు కడిగే తొట్టి. అక్కడ మనుషులు తమను ఎవరూ చూడటం లేదన్నట్టు ఉంటారు. ఖాండ్రిస్తారు, పుక్కిలించి ఉమ్ముతారు, పళ్లలో ఇరుక్కున్న ముల్లుని తీసి వెలుగులో చూసుకుంటారు. మెతుకులూ కరివేపాకులూ తూము దగ్గర గుంపుగా తిరుగుతూ ఉంటాయి. అందుకే నేను పుస్తకం చదువుకుంటూ కూర్చుని, అందరూ వెళ్లాక కడుక్కుంటాను.

ఈ రోజు పుస్తకం గదిలో మరిచిపోయాను. చేసేదేమీ లేక తొట్టి వైపే చూస్తూ కూర్చున్నాను.

తువ్వాళ్లు ఉతకడానికి మంచినీళ్లు చాలవు కాబట్టి మెస్సులో తువ్వాళ్లు ఉండవు. కడుక్కున్న చెయ్యి అందరూ విదిలిస్తారు. విదిలించిన ప్రతిసారీ ఉంగరం ఎర్రగా మెరుస్తోంది.

తొట్టి పైన గోడ రాతలు కనిపించే పలక ఉంది. అది కిందటి నెలదాకా గుమ్మం దగ్గర ఉండేది. తినబోయే ముందు ఈ పూట ఏం వండారో చూసుకోవడానికి ప్రతివాళ్లూ దాలమ్మ కబురు తెరుస్తారు. తిని వచ్చేసరికి ఇంకా అదే తెరిచి ఉంటుంది. దాని ముందే చెయ్యి కడుగుతారు. దాని ముందే విదిలిస్తారు. ఒకటి, ఒకటి, ఒకటి.

గదికి వెళ్లి, పేర్లు తెరవకుండా, పాత మార్కులు రోజులవారీగా చూశాను. చెంచాతో తినే ఉప్మా రోజున ఒకట్లు లేవు. పొడి కూర రోజున తక్కువ. పులుసు పెట్టిన రోజున, రొయ్యల ఇగురు రోజున, పీతల కూర రోజున వానలా పడ్డాయి. ఎంత బాగా వండితే అంత లోతుగా చెయ్యి పెట్టారు. ఎంత లోతుగా పెడితే అంత గట్టిగా విదిలించారు.

బహుళ నవమి

గోడ కమిటీ పెద్ద వేగేశ్న భద్రరాజు గారి దగ్గరికి వెళ్లాను. చెప్పవలసింది ముందే కాగితం మీద రాసుకున్నాను. సగం చదివేసరికి ఆయన నవ్వారు.

“ఇన్నాళ్లూ చేతులు కడుక్కోలేదంటావేంటమ్మా మనవాళ్లు?”

“పలక తొట్టి పైకి మార్చింది కిందటి నెలలోనే కదండీ.”

“మార్పించింది నేనే.”

“తెలుసండీ. మళ్లీ గుమ్మం దగ్గర పెడితే...”

“చూడమ్మాయ్. జనం తొట్టి దగ్గర ఊరికే నిలబడుతున్నారు, ఆ కాసేపూ గోడ చూస్తే మంచిదని నేనే గోడ మీద రాశాను. అన్నీ ఐదులే పడ్డాయి దానికి. ఇప్పుడు తీయిస్తే ఏమనుకుంటారు?”

“పోనీ ఆవిడకి పడ్డ ఒకట్లు తీసేస్తే?”

“వేసినవాడే తీసుకోవాలి. కమిటీ ఒకరి మార్కు తీస్తే రేపు ఇంకొకరి మార్కు తీయమంటారు. ఒక పని చెయ్యి. ఒకటి పడగానే ఉంగరం అడిగేలా ఏర్పాటు చెయ్యి. పాతవి కూడా అడిగించు. పొరపాటైతే వాళ్లే తీసేసుకుంటారు. మనవాళ్లేం రాక్షసులా?”

న్యాయంగానే అనిపించింది. రాత్రంతా ప్రశ్న రాశాను, కొట్టేశాను. చివరికి రెండు మాటలు మిగిలాయి: “నిజంగానే వేశారా?” కింద రెండు గుర్తులు. “అవును.” “పొరపాటు.” ఇంతకన్నా తేలికైన ప్రశ్న ఉండదనుకున్నాను.

అమావాస్య

దాలమ్మకు ఒకటి వేసిన ప్రతివాళ్లకీ ప్రశ్న వెళ్లింది. జవాబులన్నీ వచ్చాయి.

అవును. అవును. అవును.

మొదట నా ఏర్పాటులోనే ఏదో లోపం ఉందనుకున్నాను. రెండోసారి చూశాను. లోపం లేదు. అడుగున నూనె మరకలతో సహా కంచం ఊడ్చుకు తిన్న కామేశ్వరి టీచరు గారు, అవును. మూడుసార్లు పులుసు పోయించుకున్న పక్క వరుస చలపతి గారు, అవును.

కారణం నాకూ ప్రశ్న వచ్చాక తెలిసింది. నేనూ తినేది ఆ మెస్సులోనే. నేనూ చెయ్యి విదిలించేదాన్నే. నా పేరున ఒకట్లు ఉన్నాయని నాకే తెలియదు. “పొరపాటు” నొక్కాను. వెంటనే గోడ మీద పడింది: “దాలమ్మ వంటకు వేసిన ఒకటిని జెసింత వెనక్కి తీసుకుంది.” బెదిరించి మార్కులు తీయించకుండా, తీసుకున్నవాళ్ల పేరు బయటపడాలని కమిటీ రూలు. అది నాకు తెలుసు. నొక్కేముందు గుర్తు రాలేదు.

సాయంత్రం మెస్సులో దాలమ్మ గరిట పట్టుకుని నా ముందు ఆగింది.

“నువ్వు కూడానా?”

“చెయ్యి కడుక్కుంటుంటే పడిందండీ. అందరివీ అలాగే.”

“అందరివీ అలాగైతే అందరి పేర్లూ రావాలి కదమ్మా. నీ పేరొక్కటే వచ్చింది.”

ఆమె నా కంచంలో అన్నం వేసి వెళ్లింది. కూర వేయలేదు. రోజూ తమకు వడ్డించే మనిషి ముందు పేరు బయటపెట్టుకుని ఇలా కూర్చోవాలి కాబట్టి మిగతావాళ్లు “అవును” నొక్కారు. అంతే.

శుద్ధ చవితి

అవును అన్నవాళ్లకి ఇప్పుడు కారణాలు కావాలి. గోడ మీద అవి పుట్టుకొస్తున్నాయి.

ఉప్పు ఎక్కువట. కానాగంతలు నిలవ చేపలట. వంట చేస్తూ దగ్గుతుందట. ఒకరు తమ కంచంలో వెంట్రుక వచ్చిందన్నారు. సాయంత్రానికి ఆ వెంట్రుక ఇంకో నాలుగు కంచాల్లోకి పాకింది. కామేశ్వరి టీచరు గారు శుభ్రత మీద ఒక వ్యాసమే రాశారు. అక్షరదోషాలు లేవు.

పొరపాటున పడిన ఉమ్మిని తుడుచుకోమని గుడ్డ ఇస్తే, దాన్ని అలాగే ఉంచుకుని, కావాలనే ఉమ్మామని చెప్పుకునేవాళ్లని నేను పుస్తకాల్లో కూడా చదవలేదు.

దాలమ్మ ఆ రాతలన్నీ చదువుతోంది. పులుసు మానేసింది. ఇగురు మానేసింది. అటుకుల ఉప్మా, పొడి కూరలు. తలకి గుడ్డ కట్టుకుంటోంది, దగ్గు వస్తే బయటికి పరిగెడుతోంది. అందరూ చెంచాలతో తింటున్నారు. చెంచాతో తింటే చెయ్యి విదిలించే పని లేదు. కొత్త ఒకట్లు ఆగిపోయాయి.

“చూశావా జెసింతా,” అన్నారు కామేశ్వరి టీచరు గారు నా బల్ల దగ్గర ఆగి, “మొహమాటపడకుండా చెప్తే మనిషి ఎలా దారికొస్తుందో! మేం రాయబట్టే కదా!”

“టీచరు గారూ, ఆ రోజు మీరు చెయ్యి కడుక్కుంటున్నారు.”

ఆవిడ ముఖం కొంచెం ఎర్రబడింది. “నా మార్కు నువ్వు చూశావా? చూసినా నోరు విప్పకూడదని ప్రమాణం చేశావు కదే? సిస్టర్లు నేర్పింది ఇదేనా?”

నేను తల దించుకున్నాను. దించుకుంటానని ఆవిడకు ముందే తెలుసు.

శుద్ధ దశమి

ఈ రోజు భద్రరాజు గారు తెప్పవాసులకు సందేశం ఒకటి రాశారు. తినబోయే ముందు అందరూ అదే తెరవాలని ఆజ్ఞ. తెరిచారు. చేపల సరఫరావాళ్లు వంజరం పంపారని దాలమ్మ మనసాగక ఈ పూట ఒక్కసారికి వేపుడు చేసింది. అందరూ చేత్తో తిన్నారు. తొట్టి దగ్గర రాజు గారి సందేశం ముందు వరసగా నిలబడి, వరసగా విదిలించారు.

రాజు గారి సగటు కళ్ల ముందే కిందికి జారింది.

ఉంగరాలు ఒక్కసారిగా అడిగాయి: నిజంగానే వేశారా?

అంత వేగంగా మా తెప్ప మీద ఎవరూ ఏ పనీ చేయగా నేను చూడలేదు. తడి వేళ్లు గుర్తు మీద జారిపోతుంటే మళ్లీ మళ్లీ నొక్కారు. పొరపాటు, పొరపాటు, పొరపాటు. గోడ మీద పేర్లు పోటెత్తాయి. పేరు ఒక్కటే చాలదని కింద రాతలు కూడా. “క్షమించండి రాజు గారూ, చెయ్యి కడుక్కుంటుంటే జరిగింది.” “నీళ్లు విదిలించానండీ, మీ మీద నాకెంత గౌరవమో మీకు తెలుసు.” కామేశ్వరి టీచరు గారు అందరికన్నా ముందు రాశారు. చలపతి గారు రెండుసార్లు రాశారు.

వంటగది గుమ్మంలో నిలబడి దాలమ్మ అవన్నీ చదివింది. గట్టిగా, ఒక్కొక్క పేరూ పలుకుతూ చదివింది. ఎవరూ అటు తిరగలేదు.

రాజు గారు నన్ను పిలిపించారు.

“ఆ పలక రేపే గుమ్మం దగ్గరికి మార్పించు. తడి చేత్తో వేసిన మార్కు ఇక చెల్లదు, రూలు రాస్తాను.”

“దాలమ్మ గారివి కూడా ఇలాగే పడ్డాయండీ. అదే తొట్టి. అదే చెయ్యి.”

“కావచ్చు.”

“మరి అవి తీసేద్దామండీ.”

“అడిగావు కదమ్మా వాళ్లని? నిజంగానే వేశామన్నారు కదా? అడక్కముందైతే ఏదో అనుకునేవాళ్లం. నువ్వే అడిగి రూఢి చేశావు. ఇప్పుడవి పొరపాట్లు ఎలా అవుతాయి?”

బల్ల దగ్గరికి వచ్చి నా రెండు మాటల ప్రశ్న వైపు చాలాసేపు చూశాను.

పున్నమి

సగటుల సభ. దాలమ్మ పేరు చదివారు. రెండుకి తక్కువ.

నేను లేచి నిలబడ్డాను. సభలో ఎప్పుడూ నిలబడలేదు. చేతిలో కాగితం లేదు.

“ఈవిడకి పడ్డ ఒకట్లు చేతులు కడుక్కుంటుంటే పడ్డవి. మీ అందరికీ తెలుసు. దశమి నాడు రాజు గారికి మీరే అలా రాశారు. ఇప్పుడు ఒక్కరైనా చెప్పండి.”

చలపతి గారు కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు. కామేశ్వరి టీచరు గారు పక్కావిడ చెవిలో ఏదో అన్నారు, పక్కావిడ నవ్వింది.

“నాలుగు మెతుకుల దగ్గర ఇంత రభస ఏంటమ్మాయ్,” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

“నాలుగు మెతుకులు కాదురా ఎదవా,” దాలమ్మ లేచింది. “నాలుగు బకెట్ల పులుసు. నీ గొంతులోకెళ్లిందే రెండు బకెట్లు.”

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. రాజు గారు తీర్పు చదివారు. ఆమె తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి, అడుగు గది మెట్ల వైపు నడిచింది.

బహుళ చవితి

కొత్త వంటాయన యంత్రంలో పిండి ముద్దలు చేసి పెడుతున్నాడు. అవి చేతికి అంటవు. నాలుక్కి కూడా అంటవు. మార్కులు మూడుకి తగ్గడం లేదు, నాలుగుకి పెరగడం లేదు. గోడ మీద ఎవరూ ఏమీ అనడం లేదు.

మెస్సులో కామేశ్వరి టీచరు గారు ముద్దని అటూ ఇటూ తిప్పుతూ అన్నారు: “ఏమైనా అనండి, దాలమ్మ పులుసే పులుసు.” చుట్టూ ఉన్నవాళ్లు నిట్టూర్చారు. నేను కంచం అక్కడే వదిలేసి లేచిపోయాను.

బహుళ అష్టమి

ఎల్లుండి రెండో తెప్ప పెద్దలు వస్తున్నారు. మాకు చింతపండూ బియ్యమూ పంపేది వాళ్లే. పిండి ముద్దలు పెట్టి పంపలేరు. రాజు గారు నన్ను అడుగు గదికి పంపారు, దాలమ్మని ఒక్క పూటకి అడిగి రమ్మని.

అక్కడికి మొదటిసారి దిగాను. కుళ్లిన నాచు వాసనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాలమ్మ గోకుడు కత్తి పట్టుకుని వంగి ఉంది. ఊపిరి మెట్ల దాకా వినిపిస్తోంది. నేను వచ్చిన పని చెప్పాను. చెప్తుంటే నాకే సిగ్గేసింది.

“నన్ను పూర్తిగా పైకి తెచ్చెయ్యమను, వొండుతాను,” అంది.

“తెచ్చేది ఒక్క పూటకేనటండీ. సగటు సగటేనట.”

ఆమె కత్తి గోడకి ఆనించింది. దగ్గి, ఉమ్మి, చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

“అలాగే వత్తాను. పులుసే వొండుతాను. నేనొక మాట సెప్తాను, అది మీ రాజు గారికి ఒక్క ముక్క పోకుండా సెప్పు. ‘చెయ్యి కడుక్కుంటుంటే పొరపాటున పడింది దాలమ్మా’ అని నాతో అన్నోళ్లు కడుక్కోవచ్చు. అననోళ్లు కడుక్కోడానికి వీల్లేదు. నాక్కోవాలి. ఐదు వేళ్లూ. నా కళ్ల ముందు.”

“నాకడానికి వాళ్లు ఒప్పుకోరండీ. ఆ ఒక్క మాట అనేస్తారు.”

“అంటే నాకు అంతకన్నా ఏటి కావాలి తల్లీ,” అంది. మళ్లీ కత్తి తీసుకుంది.

ఉన్నదున్నట్టు రాజు గారికి చెప్పాను. ఆయన గోడకేసి చూసి, “సరే అను,” అన్నారు.

బహుళ దశమి

రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

పండుగప్ప చేప పులుసు. లేత చింతకాయ, మెంతులు, పైన నూనె తేలుతూ. రెండో తెప్పవాళ్లు ఐదుగురు ఎత్తు బల్ల దగ్గర కూర్చున్నారు. మావాళ్లు మణికట్ల దాకా తిన్నారు. పక్కవాడి కంచంలోకి చూసుకుంటూ తిన్నారు. ఆఖరున దాలమ్మ తొట్టికి అడ్డంగా వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

“సెప్పండి,” అంది.

ఐదు మాటలు. అన్నా ఇప్పుడు ఎవరికీ ఏమీ పోదు. ఆమె మళ్లీ వంటకి రాదు, వాళ్ల సగటు తగ్గదు. నేను ఒక్కొక్కరి ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఎవరో ఒకరు అంటారని నిజంగా అనుకున్నాను.

మొదట చలపతి గారు బొటనవేలు నోట్లో పెట్టుకున్నారు.

తర్వాత ఒక వరుస. తర్వాత అన్ని వరుసలూ. పెద్ద మనుషులు, కమిటీవాళ్లు, వ్యాసాలు రాసేవాళ్లు, వేళ్ల సందులు, అరచెయ్యి, ఉంగరం కింద ఇరుక్కున్న పులుసు. మెస్సు నిండా ఆ చప్పుడు. పశువుల కొట్టంలో కూడా అలాంటి చప్పుడు ఉండదు, పశువులకి దాచుకునేది ఏమీ ఉండదు కాబట్టి. కామేశ్వరి టీచరు గారు కళ్లు మూసుకుని నాకారు. భద్రరాజు గారు ముఖం పక్కకి తిప్పుకుని నాకారు.

రెండో తెప్ప పెద్దాయన తన ఎంగిలి చెయ్యి గాలిలో పట్టుకుని, దిక్కుతోచక చూశాడు.

“మా తెప్ప ఆచారమండీ,” అన్నారు టీచరు గారు, చిటికెన వేలు నోట్లోంచి తీసి. “అన్నం మీద గౌరవం.”

“ఎంత బాగుందండీ,” అన్నాడాయన. ఆయనా నాకడం మొదలుపెట్టాడు. ఐదుగురూ నాకారు.

నేను లేచి తొట్టి దగ్గరికి వెళ్లాను. దాలమ్మ నా వైపు చూడలేదు. ఆ గుంపునే చూస్తోంది. గెలిచిన మనిషి ముఖం కాదు అది. వాళ్లు నాకరని, ఆ మాటే అంటారని, తను కూడా నమ్మిందని నాకు అప్పుడు తెలిసింది.

“నేను ముందే అన్నానండీ,” అన్నాను. “నాది పొరపాటే.”

“నీ మాట ఎప్పుడో వచ్చేసింది,” అంది. తప్పుకుని దారి ఇచ్చింది. చెంబుతో ముంచి నా చేతి మీద నీళ్లు పోసింది, కావలసిన దానికన్నా ఎక్కువే పోసింది. పోస్తుంటే ఆమె ఊపిరి ఈల వేస్తోంది.

చెంబు బోర్లించి ఆమె అడుగు గది మెట్లు దిగింది. వెనక ఇంకా నాకుతూనే ఉన్నారు. నేను చేతులు విదిలించలేదు. తడి చేతులతోనే ఆమె వెనక దిగాను. ఆ వంగి గోకే పనికి ఇంకో కత్తి ఉందేమో అడగాలని.